పదిహేడో నంబరు కళ్లు

11 ఆగస్టు 2003, ఉదయం

ఇస్సాక్ పోయి రెండేళ్లయినా నన్ను వదల్లేదు.

ఈవేళ అక్షయ అనే అమ్మాయి వచ్చింది. ఆర్కిటెక్ట్. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. బెంజ్ సర్కిల్ దగ్గర వాడి పేరుతో గ్యాలరీ కడుతున్నారు. డిజైన్ ఈమెదే. నవంబరు పంతొమ్మిదిన ప్రారంభమట. ఆ రోజుకి ఒక పుస్తకం వేస్తారట, అందులో వాడి జీవితం గురించి నేను రాయాలట. మీరు ఆయనకి గురువుగారు కదా సర్, మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తారు అంది. ఎన్ని పేజీలు అని అడిగాను. మీ ఇష్టం సర్ అంది.

నా ఇష్టమే అయితే చాలా పేజీలు పడతాయమ్మా అన్నాను. నవ్వింది. సరదాకి అన్నాననుకుంది.

12 ఆగస్టు

ఒప్పుకున్నానని ఫోన్ చేసి చెప్పాను. పదిహేనేళ్లుగా నోట్లో నానుతున్న మాట, ఉమ్మడానికి చోటు దొరికింది.

19 ఆగస్టు

నాలుగు పేజీలు అయ్యాయి. మాట ఆగడం లేదు.

వాడు నా దగ్గరికి 1958లో వచ్చాడు. అప్పటికి వన్ టౌన్‌లో సినిమా బ్యానర్లు గీస్తున్నాడు. నలభై అడుగుల గుడ్డ మీద దారంతో గళ్లు కొట్టి, హీరో ముక్కు ఒక గడిలో, మీసం ఇంకో గడిలో. ముఖం మొత్తంగా చూడటం వాడికి నేను నేర్పాను. చర్మం కింద ఎముక ఎక్కడుంటుందో, చార్‌కోల్ ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వేలితో తుడవాలో నేను నేర్పాను. చివరిదాకా మాస్టారూ అనే పిలిచాడు. అది ఒప్పుకోవాలి.

ఈ ఊళ్లో ఏ లాయరు ఆఫీసులోకి వెళ్లినా, ఏ రైస్ మిల్లులోకి వెళ్లినా, గోడ మీద చనిపోయిన పెద్దాయన ఉంటాడు, ఆయన భుజం కింద ఆర్.కె. అని నా సంతకం ఉంటుంది. ఆరు వందల పోర్ట్రెయిట్లు. ఈ దేశంలో చిత్రకళ మీద వచ్చిన లావుపాటి పుస్తకాలన్నీ నా అలమరలో ఉన్నాయి, చదివాను కూడా. వాటిలో ఇస్సాక్‌కి మూడేసి పేజీలు. నాకు ఒక్కదాంట్లో ఒక్క ఫుట్‌నోట్. అందులో ఇంటిపేరు తప్పు.

ఢిల్లీ విమర్శకుడు ఒకాయన ఇస్సాక్ గీతలో మౌనం ఉందని రాశాడు. బొమ్మలో పోలిక కుదరకపోతే మౌనం ఉందంటారు కాబోలు.

2 సెప్టెంబరు

అసలు విషయానికి వచ్చాను.

డెబ్భై ఏడు ఉప్పెన. దివిసీమ. శవాలు రెండు మూడు రోజులకి మించి ఉంచే స్థితి లేదు, బంధువులు వచ్చేలోపే పూడ్చిపెట్టాలి. కెమెరాలు చాలలేదు, రీళ్లు తడిసిపోయాయి. అవనిగడ్డ దగ్గర సహాయ శిబిరం నడుపుతున్న డాక్టరు ఒకాయన, ముఖాలు గీసి పెట్టండి, తర్వాత వచ్చినవాళ్లు చూసి గుర్తుపడతారు అని కబురు పెట్టాడు. నేనూ ఇస్సాకూ వెళ్లాం. ముక్కుకి గుడ్డ కట్టుకుని మూడు రోజులు గీశాం. ప్రతి కాగితానికీ ఒక నంబరు. నావి ఒకటి నుంచి ముప్పై ఎనిమిది. వాడివి ఆ పైన నలభై ఒకటి.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఆ రోజుల్లో చాలామంది బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగేవాళ్లు కాదు. ప్రాణం పోయాక గోడకి ఆనించి కూర్చోబెట్టి తీయించేవాళ్లు. పెద్దకర్మ నాటికి పటం కావాలని ఆ ఫొటో తెచ్చి మాకిస్తే, కళ్లు తెరిచి ఉన్నట్టు గీసి ఇచ్చేవాళ్లం. కళ్లు తెరవడం అంటాం ఆ పనిని. బాగా తెరిచేవాడే మంచి ఆర్టిస్టు. జిల్లా మొత్తానికి నన్ను మించి తెరిచినవాడు లేడు.

అక్కడా అదే చేశాను. ముప్పై ఎనిమిదిమందికీ కళ్లు తెరిచాను. ఇస్సాక్ చూసి, వాళ్ల కళ్లు మనం చూళ్లేదు కదా మాస్టారూ అన్నాడు. గుడ్డల మీద ముక్కులు గీసుకునేవాడివి, నాకు చెప్తున్నావా అన్నాను. వాడు మూసిన కళ్లు మూసినట్టే గీశాడు.

ఫలితం ఏమిటంటే, నావి ముప్పై ఎనిమిదీ గుర్తుపట్టి తీసుకెళ్లారు. నాలుగు రోజులు పట్టలేదు. వాడివి తొమ్మిదే పోయాయి. మిగిలిన ముప్పై రెండూ మోసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. పదేళ్ల తర్వాత, 1987లో, వాటికి ‘ఎవరూ రానివాళ్లు’ అని పేరు పెట్టి ఢిల్లీలో వేలాడదీశాడు. మరుసటేడు అవార్డు. పారిస్. అన్నీ.

ఎవరూ రాలేదంటే ఎవరూ గుర్తుపట్టలేదని కదా. అంటే పని చెయ్యని బొమ్మలు. పని చెయ్యని బొమ్మలకి అవార్డు, చేసినవాటికి ఫుట్‌నోట్.

అక్షయకి ఫోన్ చేసి ఒక షరతు పెట్టాను. నా ముప్పై ఎనిమిదిలో ఒక్కటైనా వెతికి తెచ్చి వాడి వాటి పక్కన పెట్టండి, జనమే పోల్చి చూస్తారు అన్నాను. మంచి ఐడియా సర్ అంది.

3 సెప్టెంబరు

చాలా ఏళ్ల తర్వాత బాగా నిద్ర పట్టింది.

28 సెప్టెంబరు

దొరికింది. నాగాయలంక దాటాక ఒక పల్లెలో, సువార్తమ్మ అనే ఆమె ఇంట్లో. పదిహేడో నంబరు. చర్చి ఫాదర్‌ని పట్టుకుని అక్షయ స్వయంగా వెళ్లి చూసి వచ్చింది. కూతురి బొమ్మట, పేరు రూతు, ఉప్పెనలో పోయేనాటికి ఏడేళ్లు. అద్దం కట్టించి గోడకి పెట్టుకుందట. సర్, ఆవిడ రోజూ దానితో మాట్లాడుతుందట, పొద్దున్నే లేచి తిన్నావా అని అడుగుతుందట అని అక్షయ చెప్పింది. ప్రారంభానికి పటంతో సహా వస్తానని ఆవిడ మాటిచ్చిందట.

ఎవరి గీతలో మౌనం ఉందో, ఎవరి గీత మాట్లాడుతుందో ఇక వాళ్లే రాసుకోవాలి.

9 అక్టోబరు, ఉదయం

ఇస్సాక్ భార్య దిల్షాద్ బేగం వచ్చింది. నేను ఊహించలేదు. మెట్లెక్కడానికి ఆయాసపడింది. చేతిలో ఒక పాత నోటుపుస్తకం ఉంది. కూర్చోమన్నాను. కూర్చోకుండా గది అంతా చూసింది.

మీ ఇంటి లోపలికి రావడం ఇదే మొదలండీ మాస్టారుగారూ, ఆయన మాత్రం మెట్ల దాకా వచ్చారు అంది.

ఎప్పుడు అన్నాను. నాకు తెలుసు, అయినా అడిగాను. అవార్డు వచ్చినప్పుడు. మీరు పేపర్లో ‘శవాల మీద పేరు’ అని రాశారు చూడండి, ఆ వారం. పొద్దున్నే స్నానం చేసి, ఈ నోటుపుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరారండీ. తిట్టడానికి వెళ్తున్నారేమో అని నేను భయపడ్డాను. గంటలో వచ్చేశారు. మాస్టారు కూర్చోమనలేదు దిల్షాద్, నిలబడి చెప్పే సంగతి కాదిది అన్నారు. మళ్లీ దీని ఊసెత్తలేదు. పోయే ముందు మాత్రం, మాస్టారికి ఇచ్చెయ్, కాని ఆయన అడిగితేనే ఇవ్వు అన్నారు.

నేను అడగలేదుగా అన్నాను.

పటం అడిగారంట కదండీ. గ్యాలరీ కట్టే ఆ పిల్ల వచ్చి చెప్పింది నాకు. పదిహేడో నంబరని. ఇక ఇవ్వకపోతే తప్పవుతుందనుకున్నాను.

టీ తాగలేదు. గోడ మీద నా భార్య రత్నమ్మ పటం చూసి, ఆవిడేనా అంది. ఔనన్నాను. ఆయన చెప్పేవారు, మా మాస్టారు ఎవర్ని గీసినా ఆ కళ్లలోంచి అమ్మగారే చూస్తారని అంది. నోటుపుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

9 అక్టోబరు, సాయంత్రం

నోటుపుస్తకం చదివాను. వంకర అక్షరాలు, బ్యానర్ల మీద పేర్లు రాసిన చెయ్యి.

నా ముప్పై ఎనిమిదిమంది. పేజీకి ఒక్కరు. వాడు పదేళ్లపాటు, పని లేని రోజుల్లో బస్సెక్కి, ఆ ఇళ్లన్నీ తిరిగాడు. తీసుకెళ్లినవాళ్లతో కూర్చున్నాడు. పుట్టుమచ్చలు, పళ్లు, చెవుల తీరు అడిగి రాసుకున్నాడు. ముప్పై ఒక్క పేజీల కింద సరిపోయింది అని ఉంది. ఆరింటి కింద అనుమానం అని ఉంది. పదిహేడో పేజీ ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

‘తల్లి సువార్తమ్మ. కూతురు రూతు. బొమ్మలో ఎడమ కనుబొమ మీద పాత మచ్చ ఉంది. కూతురికి అలాంటిది లేదంది. ఉప్పెనలో దెబ్బ తగిలి ఉంటుంది అంది. ఎలా గుర్తుపట్టావమ్మా అన్నాను. నా వంక అలా చూస్తుంటే నా బిడ్డ కాదని ఎట్టా అంటానయ్యా అంది.

‘1986 జూన్. బందరులో అనాథ పిల్లల శరణాలయం. పాత రిజిస్టరు చూడనిచ్చారు. “రూతు, సుమారు ఏడేళ్లు. తుమ్మచెట్టుని పట్టుకుని ఉండగా దొరికింది. ఏడాది దాకా మాట లేదు. తర్వాత ఊరి పేరు, తల్లి పేరు చెప్పింది. ఊరికి ఉత్తరం రాశాం. ఆ పేరుగల పిల్ల మరణించినట్లు, తల్లి బొమ్మను గుర్తుపట్టినట్లు జవాబు. ఈమె వేరే పిల్ల కావచ్చు. ఎవరూ రాలేదు.” 1985లో నర్సు పని నేర్చుకోవడానికి ఖమ్మం వైపు వెళ్లింది. అక్కడ లేదు. వెతుకుతున్నాను.

‘సువార్తమ్మకి చెబుదామని మూడుసార్లు వెళ్లాను. పిల్ల దొరికాక చెబుదామనుకుని వచ్చేశాను. మాస్టారికి చెప్పాలి. మాస్టారికి జిల్లాలో పేరున్న మనుషులు తెలుసు, పేపర్లు తెలుసు, ఆయన తల్చుకుంటే దొరుకుతుంది. కాని ఆయన ఆ ముప్పై ఎనిమిదిమంది మీదే బతుకుతున్నారు.’

ఎవరూ రాలేదు. వాడి బొమ్మలకి పేరు అక్కడి నుంచి వచ్చింది.

10 అక్టోబరు

ఏమీ రాయలేదు. ఏమీ తినలేదు.

14 అక్టోబరు

కాగితాల కోసం వన్ టౌన్ వెళ్లాను. ముప్పై ఏళ్లుగా కొనే కొట్టే. గల్లా వెనక షావుకారు తండ్రిగారి పటం, 1971లో నేను గీసింది. తల పైకెత్తాను. రత్నమ్మ చూస్తోంది. పంచె, బుర్రమీసాలు, నామం, వాటి మధ్యలో రత్నమ్మ.

పక్కన పప్పుల కొట్లో ఉంది. బట్టల కొట్లో ఇద్దరు అన్నదమ్ముల ముఖాల్లో రెండుసార్లు ఉంది. తోపుడుబండి వాడు పక్కకి జరగమని అరుస్తున్నాడు, నేను రోడ్డు మధ్యలో నిలబడ్డాను. ఏం మాస్టారూ, ఒంట్లో బాలేదా, ఆటో పిలవనా అని కొట్లో గుమస్తా చేయి పట్టుకున్నాడు. తల దించుకుని ఇంటికి వచ్చాను. కాగితాలు అక్కడే మరిచిపోయాను.

ఆరు వందల గోడల మీద ఉంది ఆమె. నేనే నిలబెట్టాను.

20 అక్టోబరు

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

రత్నమ్మ 1969లో గుడివాడలో పుట్టింట్లో పోయింది. టైఫాయిడ్. నేను తెనాలిలో ఒక మిల్లు యజమాని పోర్ట్రెయిట్ పూర్తి చేస్తున్నాను. మొదటి టెలిగ్రాం వచ్చింది, సీరియస్ అని. ముఖం అయిపోయింది, కళ్లు ఒక్కటే మిగిలాయి, ఒక్క రోజు పని. ఆ ఒక్క రోజూ ఉండిపోయాను. వెళ్లేసరికి దహనం అయిపోయింది. ఆమె మూసిన కళ్లు నేను చూడలేదు.

ఆ మిల్లు యజమానికి ఆ రోజు ఏ కళ్లు పెట్టానో ఇప్పుడు తెలుసు.

బోలెడు చదివాను నేను. ఏ పుస్తకంలోనూ ఇది లేదు.

2 నవంబరు

అక్షయ ఫోన్. వ్యాసం ప్రెస్‌కి వెళ్లాలి సర్ అంది. గోడలో ముప్పై రెండు గూళ్లు కట్టించిందట, ఇస్సాక్ బొమ్మలకి ఒక్కొక్కటి. పై నుంచి, ఎండ తగలని ఉత్తరపు వెలుతురు పడుతుందట. నా పదిహేడో నంబరుకి ఎదురుగా విడిగా స్టాండు.

రాసిన పద్నాలుగు పేజీలూ బల్ల మీద ఉన్నాయి. పక్కన నోటుపుస్తకం. వంటింట్లో స్టవ్ ఉంది, అగ్గిపెట్టె ఉంది. చదివినవాణ్ని నేనొక్కణ్నే. వాడు లేడు. దిల్షాద్ చదువుకోలేదు. సువార్తమ్మ వస్తుంది, పటం పక్కన నిలబడుతుంది, ఫొటోలు తీస్తారు, నా కూతురే అంటుంది. నేను గెలుస్తాను.

అగ్గిపుల్ల గీశాను కూడా. పటంలోంచి రత్నమ్మ చూస్తోంది. వేలు కాలేదాకా పట్టుకున్నాను.

8 నవంబరు, బస్సులో వచ్చాక

వెళ్లి వచ్చాను. కరకట్ట మీద బస్సు, తర్వాత ఆటో. ఎనిమిది గంటలకి బయల్దేరితే ఒంటిగంట అయింది.

సువార్తమ్మ వాకిట్లో తాటాకు చాప అల్లుతోంది. అరవై దాటాయి. నేను ఆ బొమ్మ గీసినవాణ్నమ్మా అంటే లేవబోయింది. రండి బాబుగారూ, మీ చెయ్యి చల్లగుండ, మీవల్లే కదండీ నా బిడ్డ నా ఇంట్లో ఉంది అంది. కుర్చీ తుడిచి వేసింది.

లోపల గోడ మీద పదిహేడో నంబరు. ఏసుప్రభువు క్యాలెండరు పక్కన. కాగితం పసుపు పచ్చగా అయింది. నా జన్మలో అంత బాగా కళ్లు తెరవలేదు.

మీ అమ్మాయి కళ్లు ఇలాగే ఉండేవా అని అడిగాను. మా దానికి ఎడమ కన్ను కొంచెం మెల్లండీ అంది. మీరు సరిచేశారేమో అనుకున్నా, గొప్పోళ్ల పటాల్లో అట్టా చేస్తారంట గదా. తర్వాత నవ్వి, మెల్ల ఉంటేనే బాగుండేది లెండి అంది.

చెప్పాను. మొత్తం చెప్పాను. నేను కళ్లు చూడలేదని, నా భార్య కళ్లు పెట్టానని, ఇస్సాక్ రాసింది, రిజిస్టరు, ఉత్తరం, జవాబు. నోటుపుస్తకం చదివి వినిపించాను. ఆమె అల్లిక ఆపలేదు. ఒక ఆకు కింద నుంచి, ఒక ఆకు పై నుంచి. నేను చదవడం ఆపాక కూడా ఆపలేదు.

అల్లుతూనే, ఆ గడ్డం సాయిబుగారు మూడుసార్లు వచ్చి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు, ఎందుకొచ్చాడా అనుకునేదాన్ని అంది.

తర్వాత, బందరులో ఎన్నేళ్లుంది అంది.

ఎనిమిదేళ్లు.

ఇక్కణ్నుంచి బందరుకి బస్సు ఎంతసేపండీ అంది. ఆమెకి తెలుసు. చాపలు అమ్ముకోవడానికి నెలకోసారి వెళ్తుంది. అయినా నా నోటి నుంచి వినాలని అడిగింది. రెండున్నర గంటలు అన్నాను.

అప్పుడు అల్లిక ఆగింది.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. లోపలికి వెళ్లింది. స్టూలు ఎక్కి పటం దింపింది. కొంగుతో అద్దం తుడిచింది, పిల్ల ముఖం తుడిచినట్టు. తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

మరి ఈ పిల్ల ఎవరండీ అంది.

తెలియదన్నాను.

ఇరవై ఆరేళ్లు నా దగ్గరుంది. అన్నం తిన్నావా అంటే చూసేది. ఈ పిల్లకీ తల్లి ఉంటది కదా, అది ఇంకా ఎక్కడెక్కడ తిరుగుతుందో. నా బిడ్డని నేను ఎతుక్కుంటా బాబుగారూ. ఈ పిల్ల తల్లిని మీరు ఎతకండి.

ఆ నోటుపుస్తకంలో ఖమ్మం అని ఉన్న పేజీ చింపి ఇమ్మంది. చింపి ఇచ్చాను. చదవడం రాదు. మడిచి రవికెలో పెట్టుకుంది. బస్సు దాకా రాలేదు.

10 నవంబరు

పద్నాలుగు పేజీలు పక్కన పడేశాను. ఒకే పేజీ రాసి పంపాను. ఇస్సాక్ నా శిష్యుడని, వాడు చూసినది గీశాడని, నేను చూడనిది గీశానని. పదిహేడో నంబరు గురించి జరిగింది జరిగినట్టు రాశాను. అనుమానం ఉన్న ఆరు నంబర్లూ వేశాను. తెలిసినవాళ్లు రాయడానికి నా అడ్రసు వేశాను.

సాయంత్రం అక్షయ వచ్చింది. చదివి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, సర్, మీకు చాలా చెడ్డపేరు వస్తుంది అంది. ఇంటిపేరు తప్పు లేకుండా వెయ్యమన్నాను.

ఎదురుగా స్టాండు వద్దన్నాను. పదిహేడో నంబరుని వాడి వాటితోనే పెట్టమన్నాను. గోడలో ముప్పై రెండు గూళ్లే ఉన్నాయి సర్, కాంక్రీటు పోసేశాం అంది. ఆలోచించి, గుమ్మం పక్కన దాతల పేర్ల రాయి పెట్టే చోటుంది, అది తీయించేస్తాను, లోపలికి వచ్చే ప్రతివాళ్లూ ముందు దాన్నే చూస్తారు అంది. దాతలు ఊరుకుంటారా అంటే, ఊరుకోరు సర్ అంది. మంచి ఆర్కిటెక్ట్ అవుతుంది.

17 నవంబరు

రూతు సంగతి ఏమైనా తెలిసిందా అని సువార్తమ్మ ఊరి చర్చి ఫాదర్‌కి ఫోన్ చేశాను. సువార్తమ్మ ఇంటికి తాళం వేసి ఉందండీ, ఎనిమిదో తారీఖు సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది అన్నాడు.

19 నవంబరు

పదిహేడో నంబరు కళ్లు మూయడానికి నాలుగు గీతలు పట్టాయి.

మూశాక చూస్తే ఎవరో పిల్ల. ఏడేళ్లుంటాయి. కనుబొమ మీద మచ్చ, ఎప్పుడో జామచెట్టు మీంచి పడి ఉంటుంది. ఆ రోజు నా ముందు పడుకోబెట్టినప్పుడు ఈ ముఖం నేను చూడనే లేదు.

అక్షయ పంపిన మనిషి వచ్చి తీసుకెళ్లాడు.

గదిలో గోడ వైపు తిరిగాను. రత్నమ్మ పటం అక్కడే ఉంది. చూడటం మానేసింది.